తిరగబడిన గొడుగు

రండి, కూర్చోండి. వాన ఇప్పట్లో తగ్గేలా లేదు. ఈ వేళప్పుడు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు ఎక్కినా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా బళ్లన్నీ నిలబడే ఉంటాయి. లోపల బజ్జీల మూకుడు పొయ్యి మీద పెట్టారు. అవి వేగి వచ్చేలోపు మీకొక సంగతి చెప్పాలి. వారం రోజులుగా నా మనసులో అదే తిరుగుతోంది.

పోయిన వారం ఇలాంటి వానలోనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద నిలబడ్డాను. నా ముందు ఒక అమ్మాయి, చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, చేతిలో గొడుగు. మెట్టు దిగిందో లేదో గాలి ఒక్క విసురు విసిరింది. గొడుగు తిరగబడి, గిన్నెలాగా ఆకాశం వైపు నోరు తెరిచింది. చువ్వలు సరిచేసుకుంటూ వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. మాటల్లో తెలిసింది: నల్లగొండ పిల్ల, ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసింది, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. నేను ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని. కెమిస్ట్రీ అనగానే ఆ గొడుగు వైపు చూపించి, "అమోనియా కూడా ఇంతేనమ్మా" అన్నాను.

"అంబ్రెల్లా మోడ్ కదా సార్. స్పెక్ట్రోస్కోపీల చదివిన" అంది.

"రాగి మీద వాలిన ఒకే ఒక్క అమోనియా అణువును చూసుకొని, దాని గొడుగును ఎలక్ట్రాన్లతో తిరగేసినవాళ్లున్నారు. తెలుసా?"

"ఒక్కదాన్నా? ఎట్ల పట్టుకున్నరు సార్? తిరగబడ్డదని ఎట్ల తెలుస్తది?"

వాన గంటసేపు కురిసింది. ఆ గంటలో ఆమెకు సగమే చెప్పగలిగాను. మిగతా సగం కూడా కలిపి ఇప్పుడు మీకు చెబుతాను.

ఆ పిల్ల 'ఒక్కదాన్నా' అని ఆశ్చర్యపోవడం ఎంతో సబబు. మనమంతా రసాయనశాస్త్రాన్ని గుంపుల శాస్త్రంగానే నేర్చుకున్నాం. ఒక నీటిబొట్టులో కోటి కోట్ల కోట్లకు పైగా అణువులుంటాయి. పరీక్షనాళికను మంట మీద పెడితే వేడి వాటన్నిటినీ ఒకేసారి కుదుపుతుంది. ఏ బంధం ముందు తెగింది, ఏ ఊపుకు తెగింది, ఒక్క ఊపుకే తెగిందా రెండు మూడు పడ్డాయా అన్నది ఆ గుంపులో కనబడదు. మనకు చేతికొచ్చేది సగటు. ఆ సగటు మీదే ఫ్యాక్టరీలు నడిచాయి, మందులు తయారయ్యాయి, నేను దాన్ని తక్కువ చేయను. కానీ సగటులో ఏ ఒక్క అణువు బతుకూ లేదు.

అదిగో, ఆ ఆగి ఉన్న కార్లు చూడండి. పెట్రోలు కార్ల పొగగొట్టం దారిలో కెటలిటిక్ కన్వర్టర్ అని ఒకటుంటుంది. దాని లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత. పొగలోని ఆక్సిజన్ అణువు ఆ లోహం మీద వాలి రెండు పరమాణువులుగా విడిపోతుంది. అలా విడిపోయిన పరమాణువు పక్కనే ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టుకొని దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద, ఈ రోడ్డు మీద, క్షణానికి ఎన్ని కోట్ల కోట్ల ఆక్సిజన్ అణువులు అలా విడిపోతున్నాయో ఊహించండి. అదంతా వేడి చేసే పని.

1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విల్సన్ హో, ఆయనతో పనిచేసిన స్టైప్, రెజాయి కలిసి ఇదే పనిని ఒక్క ఆక్సిజన్ అణువు మీద చేశారు. ప్లాటినం పలక మీద అణువు ఉంది. దాని మీద ఒక సూది మొన ఉంది. సూది నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు అణువును తాకాయి. అణువు విరిగింది. విరిగిన రెండు పరమాణువులూ ప్లాటినం పరమాణువుల అమరికలోని గడుల లెక్కన ఒకటి నుంచి మూడు గడుల దూరంలో పడి ఉన్నాయి. అదే సూదితో మళ్లీ చూసి, ఎక్కడ పడ్డాయో లెక్కపెట్టారు. నేను మొదటిసారి చదివినప్పుడు లేచి గదిలో అటూ ఇటూ నడిచాను.

ఇక ఆ సూది సంగతి. దాని పేరు స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం పరిశోధనశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ 1981లో దాన్ని పని చేయించారు. 1986లో నోబెల్ బహుమతిలో సగం వాళ్లిద్దరికీ వచ్చింది, మిగతా సగం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కట్టిన ఎర్న్‌స్ట్ రుస్కాకు. మైక్రోస్కోప్ అన్నారు గానీ ఇందులో అద్దాలు లేవు, వెలుగు లేదు. టంగ్‌స్టన్ లాంటి లోహపు తీగను మొన ఒకే పరమాణువుతో ముగిసేలా సన్నం చేస్తారు. ఆ మొనను లోహపు పలకకు తాకీ తాకకుండా నిలబెడతారు. మధ్య ఖాళీ ఒక నానోమీటరు కన్నా తక్కువ. అంత దగ్గరగా సూదిని కదిపేది పీజో స్ఫటికం. మీ వంటింట్లో గ్యాస్ లైటర్ ఉంది కదా, టక్కున నొక్కితే లోపలి స్ఫటికం నలిగి వోల్టేజీ పుట్టి నిప్పురవ్వ వస్తుంది. దాన్ని తిరగేసి ఆలోచించండి: స్ఫటికానికి వోల్టేజీ ఇస్తే అది పిసరంత సాగుతుంది, లేదా కుంచించుకుంటుంది. ఆ పిసరుతోనే సూదిని పరమాణువు వెడల్పులో నూరో వంతు మేర కూడా జరపగలరు.

సూదికీ పలకకూ మధ్య ఏ తీగా లేదు, ఎలక్ట్రాన్‌కు ఆ ఖాళీ ఒక గోడలాంటిది. అయినా కరెంటు పారుతుంది. "చిల్లు లేకుండ గోడ ఎట్ల దాటుతది సార్?" అని ఆ పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. టన్నెల్ అనే మాటే ఈ తికమక తెచ్చిపెట్టింది. సొరంగం అంటే తవ్విన దారి. ఇక్కడ ఎవరూ తవ్వలేదు, దారీ లేదు. ఎలక్ట్రాన్‌ను గోడకేసి కొట్టిన బంతిలా కాకుండా అలలా తలచుకోండి. పక్కింట్లో టీవీ మోగుతుంటే గోడకు చిల్లు లేకపోయినా మన గదిలో మెల్లగా వినబడదూ? గోడ మందం పెరిగినకొద్దీ శబ్దం పలచబడుతుంది. ఎలక్ట్రాన్ అల కూడా ఖాళీలోకి చొచ్చుకొచ్చి పలచబడుతూ పోతుంది. ఖాళీ సన్నగా ఉంటే, పూర్తిగా అణగారిపోకముందే ఆ అల తోక అవతలి ఒడ్డుకు తగులుతుంది. అక్కడ ఎలక్ట్రాన్ దొరికే అవకాశం ఆ తోకంత. ఖాళీ నానోమీటరులో పదో వంతు పెరిగిందంటే కరెంటు సుమారు పదింతలు పడిపోతుంది. ఈ పదింతల తేడా వల్లే సూది కింద పరమాణువు ఎత్తు, అణువు ఎత్తు, పక్క గుంట లోతు అన్నీ కరెంటులో కనబడతాయి.

ఇంత సున్నితమైనదాన్ని ఈ రోడ్డు పక్కన పెట్టుకోలేం. కింద సిటీ బస్సులు, 2020 ఫిబ్రవరి నుంచి పైన మెట్రో రైలు. బిన్నిగ్, రోరర్ మొదటి పరికరాన్ని భూమి అదురు తగలకుండా సీసపు గిన్నె మీద అయస్కాంతాలతో గాలిలో తేలబెట్టారు. దానికోసం సీసాన్ని సూపర్ కండక్టర్ అయ్యేదాకా చల్లబరిచారు. తర్వాతివాళ్లు స్ప్రింగులతో సరిపెట్టుకున్నారు. ఇక గాలి కూడా శత్రువే. గాలి ఒత్తిడిని వంద కోట్ల వంతుకు దించినా, శుభ్రం చేసిన లోహం మీద ఒక్క సెకనులోనే వాయువుల పొర పేరుకుంటుంది. అందుకని అంతకన్నా వేల రెట్లు మెరుగైన శూన్యం కావాలి. చలి కూడా కావాలి, లేకపోతే అణువు ఒకచోట నిలవదు.

అసలు కథకు వద్దాం. హో బృందం సూదిని ఆక్సిజన్ అణువు మీద ఆపి, కదలకుండా ఉంచి, కరెంటును చూస్తూ కూర్చుంది. కాసేపు కరెంటు నిలకడగా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక మెట్టు దిగినట్టు పడిపోతుంది. అణువు విరిగిన క్షణం అదే. ఇలా ఒక అణువు తర్వాత ఒక అణువు మీద, ఎంతసేపటికి విరిగిందో రాసుకున్నారు. వోల్టేజీ మార్చి, కరెంటు మార్చి మళ్లీ మళ్లీ చేశారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కొంచెం నిదానంగా వినండి.

సూది నుంచి వచ్చే ఎలక్ట్రాన్ ఎంత శక్తి తెస్తుందన్నది వోల్టేజీ చెబుతుంది. సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయన్నది కరెంటు చెబుతుంది. 0.4 వోల్టుల దగ్గర కరెంటు రెండింతలైతే అణువు విరిగే వేగం కూడా దాదాపు రెండింతలైంది. 0.3 వోల్టుల దగ్గర కరెంటు రెండింతలైతే వేగం నాలుగింతలకు దగ్గరైంది. 0.2 వోల్టుల దగ్గర ఎనిమిదింతలకు దగ్గరైంది. వాళ్లు అచ్చువేసిన ఘాతాంకాలు 0.8, 1.8, 2.9. కొలతలో ఉండే హెచ్చుతగ్గులు తీసేస్తే ఒకటి, రెండు, మూడు. అంటే 0.4 దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ చాలు. 0.3 దగ్గర రెండు కావాలి. 0.2 దగ్గర మూడు.

ఎవరూ ఎలక్ట్రాన్‌ను కంటితో చూడలేదు. అయినా ఒక అణువు విరగడానికి ఎన్ని ఎలక్ట్రాన్లు పట్టాయో వేళ్ల మీద లెక్కపెట్టారు. ఎందుకు నాలుగింతలు, ఎనిమిదింతలు? ఇందిరా పార్కులో పిల్లల ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. బలమైనవాడు ఒక్క తోపు తోస్తే అవతలి కొమ్మ అందుతుంది. చిన్నపిల్లవాడు తోస్తే ఉయ్యాల సగమే పోతుంది. అది మళ్లీ నిలిచిపోకముందే రెండో తోపు పడాలి, చాలకపోతే మూడోది కూడా. లోహం మీది అణువు ఉయ్యాల ఎంతసేపు ఊగుతుందో తెలుసా? ఒక పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు, అటూ ఇటూగా. ఆలోపే లోహంలోని ఎలక్ట్రాన్లు ఆ ఊపును పీల్చేసుకుంటాయి. ఇటు చూస్తే, ఒక నానోయాంపియర్ కరెంటులో సెకనుకు 624 కోట్ల ఎలక్ట్రాన్లు వస్తాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఒకదాని తర్వాత ఒకటి సగటున 160 పికోసెకన్ల ఎడంతో వస్తున్నట్టు లెక్క. పైగా వచ్చిన ప్రతిదీ తోయదు. చాలావాటికి అణువు పట్టనే పట్టదు, శక్తి పోగొట్టుకోకుండా దాటిపోతాయి. కాబట్టి ఉయ్యాల ఆగేలోపు రెండో తోపు పడటం అరుదు, మూడోది మరీ అరుదు. కరెంటు రెండింతలు చేస్తే మొదటి తోపు పడే అవకాశం రెండింతలు, రెండోది సమయానికి పడే అవకాశం మళ్లీ రెండింతలు. రెండు రెళ్లు నాలుగు. మూడోది కూడా కావాలంటే ఎనిమిది. రెండో ఎక్కంతో అందే లెక్క ఇది.

బజ్జీలు వచ్చాయి, తీసుకోండి. ఉల్లిపాయ ముక్కలు ఆ గిన్నెలో ఉన్నాయి.

ఇంతకీ ఎలక్ట్రాన్ ఆ శక్తిని అణువులో ఎక్కడ పెడుతుంది? కంపనంలో. అణువులోని పరమాణువులు వీణ తీగల్లాగా వాటికి చెందిన శ్రుతిలోనే ఊగుతాయి, నచ్చినట్టు ఊగవు. ఈ మాట దగ్గర నాకు మన మనిషి ఒకరు గుర్తొస్తారు. నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్ వైపు వెళితే నిజాం కాలేజీ. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం ఆ కాలేజీలోనే బీఎస్సీ చదివారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఫలితం బయటపడిందీ ఆ ఏడాది ఫిబ్రవరి 28నే. కాంతి అణువును తాకి, దాని కంపనానికి కొంత శక్తి ఇచ్చి, ఆ మేరకు రంగు మార్చుకొని బయటికి వస్తుంది. పోయిన శక్తిని కొలిస్తే అణువు శ్రుతి తెలుస్తుంది. భగవంతం తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విద్యను పెంచారు. 1940లో రామన్ ఫలితం మీద పుస్తకం రాశారు. 1948లో టి. వెంకటరాయుడుతో కలిసి గణితంలోని గ్రూపు సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రానికి ఎలా వాడాలో చెబుతూ ఇంకో పుస్తకం రాశారు. అణువు ఆకారంలోని సౌష్ఠవం తెలిస్తే చాలు, దానికి ఎన్ని రకాల కంపనాలుంటాయో, వాటిలో ఏది కాంతికి పలుకుతుందో ఏది పలకదో కాగితం మీదే తేల్చవచ్చు. ఆ తర్వాత 1952 నుంచి 1957 దాకా ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు, ఆపైన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్ అయ్యారు.

అమోనియానే తీసుకోండి. పరమాణువులు నాలుగు. లెక్క ప్రకారం కంపనాలు ఆరు. వాటిలో రెండు జంటలు ఒకే శ్రుతిలో ఉంటాయి కాబట్టి వినబడే శ్రుతులు నాలుగు. గొడుగు తెరుచుకొని మూసుకున్నట్టుండేది అందులో ఒకటి. గ్రూప్స్‌కు చదివే ఆ పిల్ల ఇది నోటికి చెప్పింది. మరి ఒకే అణువులో ఆ నాలుగు శ్రుతుల్లో ఒకదాన్నే తట్టి లేపగలమా అన్నది భగవంతం తరానికి కాగితం మీద కల. సూది లేకుండా కాంతినే వాడితే అది ఎంత సన్నం చేసినా కోట్ల అణువుల మీద ఒకేసారి పడుతుంది. ఆ పని ఎలక్ట్రాన్ చేసింది. రామన్ ఫలితంలో కాంతి ఏం చేస్తుందో, సూది కింద ఎలక్ట్రాన్ అదే చేస్తుంది. దాటుతూ దాటుతూ అణువు కంపనానికి సరిపడా శక్తి ఇచ్చేసి, మిగిలినదానితో అవతలికి పోతుంది. 1966లోనే ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధనశాలలో జాక్లెవిక్, లాంబ్ దీన్ని కనిపెట్టారు. కానీ వాళ్లు చూసింది రెండు లోహపు పొరల మధ్య ఇరుక్కున్న అణువుల గుంపును.

ఒక్క అణువు శ్రుతిని విన్నది 1998లో, మళ్లీ హో బృందమే. రాగి మీద ఒక ఎసిటిలీన్ అణువు, 8 కెల్విన్ల చలి, అంటే మైనస్ 265 డిగ్రీల సెల్సియస్. వోల్టేజీ మెల్లగా పెంచుతూ పోతే 358 మిల్లీవోల్టుల దగ్గర కరెంటు కదలికలో చిన్న మార్పు వచ్చింది. కార్బన్–హైడ్రోజన్ బంధం సాగి ముడుచుకునే శ్రుతి అది. నమ్మకం కుదరడానికి ఏం చేశారో చూడండి. హైడ్రోజన్ బదులు దాని బరువైన తోబుట్టువు డ్యుటీరియం ఉన్న ఎసిటిలీన్‌ను పక్కనే ఉంచారు. అక్కడ ఆ మార్పు 266 దగ్గరకు దిగింది. త్యాగరాయ గానసభలో కచేరీకి ముందు తంబుర శ్రుతి చేయడం విన్నవారికి చెప్పక్కర్లేదు, తీగ బరువైతే నాదం దిగుతుంది. రెండు అణువులు పక్కపక్కన, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, నాదాన్ని బట్టి ఏది ఏదో చెప్పేశారు. అయితే అన్ని కంపనాలూ ఇలా పలకవు. ఏవి పలుకుతాయి, ఏవి మూగబోతాయి అన్నదానికి లోరెంతే, పెర్‌సన్, లాహన్, హో 2001లో సౌష్ఠవ నియమాలు రాశారు. ఆ వ్యాసం తెరిస్తే వాల్తేరు నుంచి 1948లో వెలువడిన పుస్తకంలోని భాషే కనిపిస్తుంది. వాళ్లు భగవంతాన్ని చదివారని నేను అనడం లేదు. ఆ భాష అప్పటికే మన దగ్గర, మన మనిషి చేతిలో ఉందంటున్నాను. మన పిల్లలకు భగవంతం పేరు ఒక మార్కు బిట్టుగానే తెలియడం నాకు కష్టంగా ఉంటుంది.

గొడుగు సంగతి మిగిలిపోయింది. 2003లో పాస్కువల్ బృందం 'నేచర్' పత్రికలో చెప్పింది ఇది. రాగి మీద అమోనియా వాలినప్పుడు నైట్రోజన్ కింద రాగిని పట్టుకొని ఉంటుంది, మూడు హైడ్రోజన్లూ పైన. ఎలక్ట్రాన్ల శక్తినీ కరెంటునూ ఒక తీరుగా పెడితే నైట్రోజన్–హైడ్రోజన్ బంధాలు సాగే కంపనం లేస్తుంది, అణువు పక్క గడిలోకి జరుగుతుంది. ఇంకో తీరుగా పెడితే గొడుగు ఊగుతుంది. ఊగి ఊగి తిరగబడితే హైడ్రోజన్లు కిందికి వస్తాయి, నైట్రోజన్ పట్టు వదులుతుంది, అణువు రాగిని విడిచి ఎగిరిపోతుంది. ఒకే అణువు, ఒకే సూది. ఏ తీగ మీటితే ఆ ఫలితం. వేడికి ఈ విచక్షణ లేదు, అది అన్ని తీగల మీదా ఒకేసారి చెయ్యేస్తుంది.

ఆ అమోనియా గొడుగుకు ఇంకో విశేషం ఉంది. ఏ లోహమూ పట్టుకోకుండా స్వేచ్ఛగా ఉన్నప్పుడు, గాలి విసురు అక్కర్లేకుండా తనంతట తానే టన్నెలింగ్‌తో తిరగబడుతుంది. దాని లెక్క సెకనుకు సుమారు 2,400 కోట్ల సార్లు. ఆ శ్రుతినే పట్టుకొని 1954లో చార్ల్స్ టౌన్స్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదటి మేసర్ కట్టారు, లేజర్‌కు అక్క అన్నమాట.

విరగ్గొట్టడమేనా, అతకడం లేదా అని మీరు అడగకముందే చెబుతాను. 1999లో లీ, హో కలిసి వెండి మీద, 13 కెల్విన్ల దగ్గర, ఒక ఇనుప పరమాణువుకు ఒక కార్బన్ మోనాక్సైడ్‌ను తెచ్చి అతికించారు. దానికే రెండోదాన్నీ అతికించారు. కానీ నా మనసు దోచింది 2000 సంవత్సరంలో బెర్లిన్‌లో జరిగింది. బర్మాలో పుట్టిన సా వై హ్లా, తోటివారితో కలిసి చేశారు. ఉల్మన్ చర్య అని కెమిస్ట్రీ చదివిన ప్రతివారికీ తెలుసు. 1901 నాటిది. రాగి పొడి వేసి రెండు వందల డిగ్రీల పైన కాస్తే, అయోడోబెంజీన్‌లు రెండు అయోడిన్ వదిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. బైఫినైల్ వస్తుంది. బెర్లిన్‌లో కుండ లేదు, మంట లేదు. 20 కెల్విన్లు, అంటే మైనస్ 253 డిగ్రీలు. రాగి పలక మీద మెట్టులాంటి అంచు. అంచు పక్కన ఒద్దికగా రెండు అయోడోబెంజీన్ అణువులు. సూదిని ఒకదాని మీద నిలిపి 1.5 వోల్టుల ఎలక్ట్రాన్లు పంపారు, అయోడిన్ ఊడింది. బెంజీన్ వలయానికి ఏమీ కాలేదు, ఎందుకంటే అందులోని బంధాలు అంత శక్తికి తెగేవి కావు. రెండోదానికీ అంతే చేశారు. అయోడిన్‌ను సూదితో పక్కకు జరిపారు. రెండు వలయాలనూ అంచు వెంట తోసి ముఖాముఖి నిలబెట్టారు. అప్పటికీ అవి పక్కపక్కన ఉన్నాయే గానీ కలవలేదు. ఇంకొన్ని ఎలక్ట్రాన్లు, ఈసారి 0.5 వోల్టులతో. తర్వాత ఒక కొనను పట్టి లాగారు. రెండో వలయం కూడా వెంట వచ్చింది. బంధం పడింది అనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి! తాడు ముడి గట్టిదో కాదో మనం ఎలా చూస్తాం? లాగే కదా.

ఆ పిల్ల ఇక్కడే అడిగింది: "సార్, గిట్ల ఒక్కొక్కటి చేస్తే మందులెప్పుడు తయారైతయ్?" కావు. లెక్క వేసుకోండి, నేను లైబ్రరీ మెట్ల మీదే వేసి చూపించాను. సెకనుకు ఒకటి చొప్పున నిద్రాహారాలు లేకుండా అతికినా, ఒక్క గ్రాము బైఫినైల్ కావడానికి కోటి కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. ఇది సరుకు చేసే పద్ధతి కాదు, తెలుసుకునే పద్ధతి. చర్య అనేది ఒక్క గంతులో అయిపోదని, ఊడటం, జరగడం, దగ్గరవడం, అతకడం అని దేనికది వేరని కుండలో కనబడదు. ఇక్కడ కనబడింది. కన్వర్టర్ కట్టే ఇంజనీరుకు ప్లాటినం మీద ఆక్సిజన్ ఎక్కడ వాలుతుందో, విరిగాక ముక్కలు ఎంత దూరం పోతాయో తెలియడం అక్కరకొచ్చే సంగతే. పైసలు రాకపోయినా తెలుసుకోవలసిన సంగతే అని కూడా నేనంటాను.

ఆ దారి ఆగిపోలేదు. 2022లో జ్యూరిక్ ఐబీఎంవాళ్లు, స్పెయిన్ రసాయన శాస్త్రజ్ఞులు కలిసి రాగి మీద వంటింటి ఉప్పే రెండు పరమాణువుల మందాన పొరగా పరిచి, దాని మీద ఒక అణువును కూర్చోబెట్టారు. సూది వోల్టేజీతో దాని నాలుగు క్లోరిన్లనూ ఊడబెరికారు. మిగిలినది 18 కార్బన్లు, 8 హైడ్రోజన్లు. వోల్టేజీ గుర్తు మార్చి, మోతాదు మార్చి, లోపలి బంధాలను ఒక అమరిక నుంచి ఇంకో అమరికకు, మళ్లీ వెనక్కి మార్చగలిగారు. ఇక్కడ పని చేసింది కంపనం కాదు, అణువుకు ఎలక్ట్రాన్ ఇవ్వడమూ దాని నుంచి తీసుకోవడమూ. ఉప్పు పొర ఎందుకంటే, నేరుగా లోహం మీద ఉంటే ఇచ్చిన ఎలక్ట్రాన్ నిలవదు, వెంటనే కారిపోతుంది.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. 2013లో చైనాలోని హెఫెయ్‌లో శాస్త్రజ్ఞులు ఇదే సూది మొన కింద కాంతిని ఒడిసిపట్టి, వెండి మీది ఒకే ఒక్క పోర్ఫిరిన్ అణువు నుంచి రామన్ ఫలితాన్ని రాబట్టారు. అణువులో ఏ భాగం ఎలా పలుకుతుందో నానోమీటరు కన్నా సన్నని వివరంతో పటం గీశారు. 1928లో కలకత్తాలో సీసా నిండా ద్రవం పోసి చూసినదాన్ని, ఎనభై అయిదేళ్లకు ఒక్క అణువులో చూశారు.

వాన తగ్గాక ఆ అమ్మాయి గొడుగు మడిచి, సంచిలోంచి నోట్‌బుక్ తీసి భగవంతం, వెంకటరాయుడు అని రాసుకుంది. "ఆ పుస్తకం దొరుకుతదా సార్?" అని అడిగింది. ఒకప్పుడు నా దగ్గరున్న ప్రతి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం కొన్నది. పాతికేళ్ల కిందట ఒక శిష్యుడికి ఇచ్చాను, అతను ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. వెతికి పెడతానని ఆ పిల్లకు మాటిచ్చాను.

మీ ఇళ్లలో ఫిజిక్స్ చదివిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు. అటక మీద ఆ 1948 పుస్తకం గానీ, తర్వాత వచ్చిన ముద్రణ గానీ ఉంటే దయచేసి తూకానికి వేయకండి. నాకు ఒక్క మాట చెప్పండి, నేనే వచ్చి తీసుకెళతాను. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం దాకా చిక్కడపల్లి లైబ్రరీ రీడింగ్ హాల్లోనే ఉంటుంది.